హీరోయిన్‌ని బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టుకుంటే ఆ ప్రచారం డబ్బులకి ఇన్సూరెన్స్ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. శ్రీకాకుళంలో మీ బంగారం షాపు బాగా నడుస్తోంది, దసరాకి విజయనగరంలో రెండో షోరూమ్ తెరుస్తున్నారు, ఒక సినిమా హీరోయిన్‌ని ఏడాదికి అంబాసిడర్‌గా మాట్లాడుకున్నారు, ఓపెనింగ్‌కి ఆవిడే వస్తారు, యాడ్ షూట్ కూడా ఆవిడతోనే. మధ్యలో ఆవిడకి ఏదైనా జరిగినా, ఏ కేసులోనో గొడవలోనో పేరు బయటికొచ్చినా మీరు పెట్టిన డబ్బు తిరిగొచ్చే పాలసీ ఉందా అని అడిగారు. అగ్రిమెంటు రాసుకుంటున్నాం కదా మళ్లీ ఇన్సూరెన్స్ దేనికి అని మీ నాన్నగారు అంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు. ఉందండి, కానీ అంతా కలిపి ఒక్క పాలసీగా మన దగ్గర దొరకదు. ఓపెనింగ్ రోజు ఆవిడ రాలేకపోతే దానికొక కవర్, ఏడాది లోపు చనిపోయినా ప్రమాదం జరిగి పని చెయ్యలేకపోయినా దానికొకటి, పరువు పోయే సంగతి ఏదైనా బయటపడి మీరు యాడ్ ఆపెయ్యాల్సి వస్తే దానికి ఇంకొకటి. మొదటి రెండూ గట్టిగా తిరిగితే దొరుకుతాయి. మూడోది పెద్ద కంపెనీలు కొనుక్కునే సరుకు, మీ స్థాయి ప్రచారానికి నేనైతే కొనమని చెప్పను, ఆ పని అగ్రిమెంటుతోటి చేయించుకోవచ్చు. ఇవి కాక మీరు అసలు అడగనిది ఒకటుంది, ఆ రోజు షాపు ముందుకి వచ్చే జనం. నన్నడిగితే మొట్టమొదటి ప్రీమియం దానికి కట్టండి, మిగతావన్నీ తర్వాత.

నేను విజయనగరంలో జనరల్ ఇన్సూరెన్స్ బ్రోకింగ్ చేస్తున్నాను, అంతకుముందు ప్రభుత్వ రంగ కంపెనీలో డెవలప్‌మెంట్ ఆఫీసర్‌ని. మన రెండు జిల్లాల్లో బట్టల షాపుల వాళ్లు, బియ్యం మిల్లుల వాళ్లు, పలాస జీడిపప్పు వ్యాపారులు సినిమా వాళ్లనీ సీరియల్ వాళ్లనీ పెట్టుకుని యాడ్లు చేస్తున్నప్పటి నుంచి ఈ కాగితాలు నా చేతిమీదుగా వెళ్తున్నాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీ నాన్నగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో చాలా నిజముంది. 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టంలో 65వ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఒకాయన కచేరీలో పాడతానని 1,000 రూపాయలు ముందే తీసుకుంటాడు, తీరా జబ్బు చేసి పాడలేకపోతాడు. అప్పుడు ఆ 1,000 వెనక్కివ్వాలి, కానీ కచేరీ జరిగుంటే నిర్వాహకుడికి వచ్చుండే లాభం మాత్రం ఇవ్వక్కర్లేదు. నూట యాభై ఏళ్లు దాటినా మీ పరిస్థితి ఇదే. ఆవిడ నిజంగా జబ్బు పడి రాకపోతే ఇచ్చిన అడ్వాన్స్ అడిగే హక్కు మీకుంది. కానీ మీరు వేసిన స్టేజి, కట్టిన హోర్డింగులు, పేపర్లో ఇచ్చిన ఫుల్ పేజీ, ఆటోల మైకు ప్రచారం, వీటి డబ్బు ఆవిడ దగ్గర్నుంచి రాదు. అగ్రిమెంటు ఆవిడకిచ్చింది వెనక్కి తెస్తుంది, ఇన్సూరెన్స్ ఆవిడని నమ్మి మీరు బయటివాళ్లకి ఇచ్చింది వెనక్కి తెస్తుంది. అమ్ముడవుతుందనుకున్న బంగారం మీద లాభాన్ని మాత్రం ఈ రెండిట్లో ఏదీ తేదు, అది ముందే మనసులో పెట్టుకోండి, నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది అక్కడే నిరాశపడతారు.

ఇంక ఓపెనింగ్ రోజు సంగతి. ఈవెంట్ క్యాన్సిలేషన్ పాలసీలో నాన్ అప్పియరెన్స్ అని ఒక సెక్షన్ ఉంటుంది, అందులో ఆవిడ పేరు రాయించుకోవాలి, పేరు లేకపోతే కవర్ లేనట్టే. చావు, ప్రమాదం, జబ్బు, ఇంకా తన చేతిలో లేని కారణంగా ప్రయాణం ఆగిపోవడం, మామూలుగా ఇవి కవర్ అవుతాయి. వేరే షూటింగ్ లేటయ్యింది, మూడ్ బాలేదు, మిగతా పేమెంట్ రాలేదని మేనేజర్ ఆపేశాడు, ఇవేవీ కావు. కొన్నేళ్ల కిందట విజయనగరంలో ఒక బట్టల షోరూమ్ ఓపెనింగ్‌కి ఇలాగే జరిగింది. పొద్దున్న పది గంటలకి ముహూర్తం, ఎనిమిదింటికి మేనేజర్ ఫోన్ చేసి మేడమ్‌కి జ్వరం, ఫ్లైట్ ఎక్కలేదు అన్నాడు. షాపాయన పాలసీ తీసుకున్నాడు కాబట్టి ధైర్యంగానే ఉన్నాడు. నష్టం లెక్కకట్టడానికి వచ్చిన సర్వేయర్ అడిగిన మొదటి కాగితం డాక్టర్ సర్టిఫికెట్, అది రెండు నెలలు తిరిగినా మేనేజర్ ఇవ్వలేదు, ఆ రోజు ఆవిడ హైదరాబాద్‌లో వేరే షూట్‌లో ఉన్న ఫోటోలు మాత్రం సర్వేయర్‌కి దొరికాయి. క్లెయిమ్ రిజెక్ట్. "మరేటి సెయ్యాల బాబూ, ప్రీమియం కట్టేం, అడ్వాన్సూ ఇచ్చేం, రెండూ పోయినట్టేనా" అని ఆయన నా ముందు కూర్చుని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమంది. చివరికి అగ్రిమెంటులో డేట్ తప్పితే అడ్వాన్స్ తిరిగివ్వాలన్న ఒక్క లైను ఉండబట్టి ఆ డబ్బు వచ్చింది, అదైనా విడతలుగా.

అందుకని అగ్రిమెంటులో ఈ మాట ఉండాలి: ఆరోగ్య కారణంతో రాలేకపోతే 24 గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టర్ చూడటానికి ఒప్పుకోవాలి. మేనేజర్లు దీనికి ముఖం చిట్లిస్తారు, అయినా అడగండి. ఈ లైను లేకపోతే జబ్బు నిజమే అయినా నిరూపించే దారి మీకుండదు.

దసరా అన్నారు కాబట్టి వాతావరణం సంగతి కూడా చెప్పాలి. మన ఉత్తరాంధ్రకి అక్టోబరు ఎలాంటి నెలో మీకు తెలియంది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, దీపావళి ముందు. 2018 అక్టోబరు 11న తిత్లీ, పలాస దగ్గర తీరం దాటింది, దసరాకి సరిగ్గా వారం ముందు. ఓపెన్ గ్రౌండ్‌లోనో రోడ్డు మీదో స్టేజి వేసే ఫంక్షన్‌కి వాతావరణం కవర్ చాలా పాలసీల్లో దానంతటది రాదు, అడిగి అదనంగా పెట్టించుకోవాలి, అదీ తుపాను కబురు రాకముందే. వాయుగుండం అని వార్తల్లో వచ్చాక ఎవరూ ఇవ్వరు. 2020 తర్వాత అంటువ్యాధుల మినహాయింపు కూడా దాదాపు ప్రతి ఈవెంట్ పాలసీలో చేరింది, అది కూడా చూసుకోండి.

తేదీ విషయంలో నా మాటొకటి వినండి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర, ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల నుంచి కోట వరకు ఇసకేస్తే రాలని జనం, పోలీసులందరూ బందోబస్తులోనే ఉంటారు. జనం ఎలాగూ ఉంటారు కదా అని ఆ దగ్గరలోనే ఓపెనింగ్ పెట్టుకోవాలనిపిస్తుంది, దయచేసి పెట్టుకోకండి.

ఎందుకంటే ఇక్కడే నాకు అసలైన భయం. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్‌కి హీరో వచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆవిడ కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. థియేటర్ వాళ్లతో పాటు ఆ హీరోని కూడా అరెస్టు చేశారు. ఇంక మీ శ్రీకాకుళం జిల్లాలోనే 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి రోజు కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర జరిగిన తొక్కిసలాట మనందరం చూశాం, అక్కడ సినిమా వాళ్లెవరూ లేరు, ఒక్క మెట్లదారి, దానికి పట్టనంత మంది మనుషులు. ఎంజీ రోడ్డు లాంటి చోట షాపు ముందు అరగంట సేపు హీరోయిన్ నిలబడితే ఎంతమంది వస్తారో ఎవరూ చెప్పలేరు. పబ్లిక్ లయబిలిటీ కవర్ లేకుండా ఓపెనింగ్ చెయ్యకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే, ప్రాణం పోతే, కోర్టు వెయ్యగల పరిహారం, మీ లాయర్ ఖర్చు దీన్నుంచి వస్తాయి. ఈవెంట్ పాలసీలోనే ఒక సెక్షన్‌గా తీసుకోవచ్చు. కానీ పోలీస్ పర్మిషన్ లేకుండా చేస్తే, పర్మిషన్‌లో రాసిన షరతులు తప్పితే, ఈ కవర్ చేతికందదు, కంపెనీ అదే కారణం చూపించి తప్పుకుంటుంది. కాబట్టి బారికేడ్లు, లోపలికీ బయటికీ వేరే దారులు, అంబులెన్స్, ఇవి పాలసీ కోసం కాదు గానీ పాలసీ నిలబడాలన్నా కావాలి. హోర్డింగు స్ట్రక్చర్ మీరే వేయిస్తుంటే దానికి కూడా థర్డ్ పార్టీ కవర్ అడగండి, 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో ఈదురుగాలికి హోర్డింగ్ కూలి 17 మంది పోయారు, మన గాలులు అంతకన్నా తక్కువవి కాదు.

బంగారం షాపు కాబట్టి ఇంకో సంగతి. ఓపెనింగ్ రోజూ, షూట్‌లోనూ ఆవిడ వేసుకునే నగలు మీవే. మీకు జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ ఉండే ఉంటుంది, కానీ ఒంటిమీద వేసుకున్న నగలకీ, ఎగ్జిబిషన్‌లో పెట్టిన వాటికీ ఆ పాలసీల్లో మామూలుగా మినహాయింపు ఉంటుంది. షూట్‌కి హైదరాబాద్ పంపించే సెట్లకి ట్రాన్సిట్, అక్కడ వాడినంతసేపు కవర్, రెండూ ముందే ఎండార్స్‌మెంట్‌గా, అంటే పాలసీకి అదనపు షరతుగా, రాయించుకోండి. మీ సొంత స్టాఫ్ ఒకరు నగలతో పాటే ఉండాలి అని కంపెనీ షరతు పెడుతుంది, పెట్టకపోయినా పంపించండి.

ఇప్పుడు ఏడాది కవర్. ఆవిడ చనిపోయినా, ప్రమాదంలో గాయపడి పని చెయ్యలేకపోయినా, ఆగిపోయిన ప్రచారానికి పెట్టిన ఖర్చు. దీనికి ఆవిడ సంతకం కావాలి, వైద్య వివరాలు కావాలి, స్టంట్లు చేస్తారా, బైక్ రైడింగ్ చేస్తారా లాంటి ప్రశ్నలకి జవాబులు కావాలి. కొందరు ఏజెంట్లు కీమ్యాన్ పాలసీ, అంటే వ్యాపారానికి కీలకమైన మనిషి మీద తీసుకునేది, తీసుకోండి సరిపోతుంది అంటారు. ఆదాయపు పన్ను చట్టంలో కీమ్యాన్ నిర్వచనం ఉద్యోగికే పరిమితం కాదు, వ్యాపారంతో ఏ రకంగానైనా సంబంధం ఉన్న మనిషి అని ఉంది కాబట్టి కాగితం మీద కుదిరేలా కనిపిస్తుంది. కానీ అది జీవిత బీమా, చావుకి మాత్రమే పలుకుతుంది, కాలు విరిగితే పలకదు, పైగా ఏడాది కాంట్రాక్టు ఉన్న బయటి మనిషి మీద ఇవ్వడానికి జీవిత బీమా కంపెనీలు అంత తొందరగా ఒప్పుకోవు. మీకు కావలసింది అది కాదు.

ఎందుకంటే చావు కన్నా ఎక్కువగా ఎదురయ్యేది రెండోదే, మనిషి బాగానే ఉంటారు, పేరూ బాగానే ఉంటుంది, కెమెరా ముందుకి మాత్రం రాలేరు. క్రికెటర్ రిషభ్ పంత్ 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో గాయపడి మళ్లీ గ్రౌండ్‌లోకి వచ్చింది 2024 ఐపీఎల్‌కి. అలాంటప్పుడు అతని మీద ఏడాది ప్లాన్ వేసుకున్న వాళ్లకి ఆ ఏడాదంతా పోయినట్టే కదా. ఇక్కడ పాలసీలో డిజేబిలిటీ అనే మాటకి ఏం అర్థం రాశారో చదవాలి. శాశ్వత పూర్తి వైకల్యం అని మాత్రమే ఉంటే ఆర్నెల్లు మంచం మీదున్నా మీకు పైసా రాదు. అగ్రిమెంటులో ఒప్పుకున్న షూట్ రోజులకి రాలేకపోవడం అని రాయించుకోవాలి.

పలాస వైపు ఒక జీడిపప్పు వ్యాపారికి ఇలా ఉపయోగపడింది. టీవీ యాంకర్ ఒకావిడతో సంక్రాంతి యాడ్ ప్లాన్ చేశారు, షూట్‌కి పదిహేను రోజుల ముందు ఆవిడకి రోడ్డు ప్రమాదంలో కాలు విరిగింది. స్టూడియో అద్దె, సెట్ వేసిన ఖర్చు, కెమెరా యూనిట్ అడ్వాన్స్, ఇవన్నీ బిల్లులతో సహా చూపించాడు, ఎక్సెస్, అంటే నష్టంలో మనమే భరించాల్సిన వాటా, పోను క్లెయిమ్ వచ్చింది. సంక్రాంతి సీజన్ అమ్మకం పోయిందని అడిగాడు, అది రాలేదు. కానీ బిల్లు బిల్లుకీ జీఎస్టీ నంబరుండి, బ్యాంకు ద్వారా కట్టినవి కాబట్టే ఆ వచ్చిందైనా వచ్చింది. మన దగ్గర ఫ్లెక్సీల వాడికీ, లైటింగ్ వాడికీ చేతికిచ్చేస్తాం, అలా ఇచ్చినదాన్ని సర్వేయర్ లెక్కలో కలపడు.

లెక్క ఎలా కడతారో ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు ఊరికే అనుకున్నవి. ఆవిడ ఫీజు ఏడాదికి 30 లక్షలు, మొత్తం ముందే ఇచ్చేశారు. యాడ్ తియ్యడానికి 6 లక్షలు. హోర్డింగులు, షాపు లోపలి బోర్డులు, క్యారీ బ్యాగుల ప్రింటింగ్ 3 లక్షలు. నాలుగు నెలలు వాడాక ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు ఫీజులో వాడుకోని ఎనిమిది నెలల వాటా 20 లక్షలు, యాడ్ ఖర్చులో 4 లక్షలు, ప్రింటింగ్‌లో మిగిలిపోయిన సరుకు విలువ, కొత్త ఫ్లెక్సీలు మార్చడానికి అయ్యే కూలీ. ఇందులో అగ్రిమెంటు ప్రకారం ఆవిడ వెనక్కివ్వాల్సింది తీసేసి, మిగిలిన దాంట్లో మీ ఎక్సెస్ తీసేసి ఇస్తారు. ఇప్పుడు చూడండి, అదే ఫీజుని మీరు మూడు నెలలకోసారి ఇచ్చేలా రాసుకుంటే ఆ 20 లక్షల్లో చాలా భాగం పోయేదే కాదు, బీమా చేయించాల్సిన మొత్తం తగ్గుతుంది, ప్రీమియం తగ్గుతుంది. విడతల పేమెంట్ కన్నా చవకైన ఇన్సూరెన్స్ లేదు. మొత్తం ముందే కావాలని ఏ మేనేజరైనా పట్టుబడితే సగానికైనా బేరమాడండి.

పరువు సంగతికి వస్తాను, మీరు అసలు భయపడుతున్నది దీనికే. లండన్‌లో లాయిడ్స్ మార్కెట్ వాళ్లు దీన్ని డెత్, డిజేబిలిటీ, డిస్‌గ్రేస్ అని మూడూ కలిపి అమ్ముతారు. మనం నేరుగా లండన్ వాళ్లకి డబ్బు పంపి పాలసీ తెచ్చుకోలేం, ఇక్కడి కంపెనీ పాలసీ ఇవ్వాలి, వాళ్లు వెనక రీఇన్సూరెన్స్, అంటే తమ రిస్క్‌కి తాము వేరే కంపెనీ దగ్గర బీమా, పెట్టుకుంటారు. లాయిడ్స్‌కి 2017 నుంచి ముంబైలో రీఇన్సూరెన్స్ బ్రాంచి కూడా ఉంది. కానీ ఇదంతా అండర్‌రైటర్, అంటే రిస్క్ చూసి ప్రీమియం కట్టే కంపెనీ మనిషి, కూర్చుని ప్రత్యేకంగా తయారుచెయ్యాల్సిన పాలసీ, కొన్ని లక్షల ప్రచారానికి వాళ్లు పెన్ను కూడా తియ్యరు, తీసినా కనీస ప్రీమియం మీ యాడ్ ఖర్చుకి దగ్గరగా వచ్చేస్తుంది.

తీసుకున్నా ఎప్పుడు పలుకుతుందో చూడండి. ఆవిడ చేసిన పని నేరమో, జనం అసహ్యించుకునే రకమో అయ్యుండాలి, అది పాలసీ కాలంలోనే బయటపడాలి, దానివల్ల మీరు నిజంగానే యాడ్ ఆపెయ్యాలి. ఆ సంగతి పాలసీకి ముందే మీకు తెలిసుంటే, ఊళ్లో అందరికీ తెలిసిన పుకారైనా సరే, ప్రపోజల్ ఫారంలో చెప్పకపోతే క్లెయిమ్ పోయినట్టే. ఫేస్‌బుక్‌లోనో ఎక్స్‌లోనో నాలుగు రోజులు ట్రోల్ చేస్తే అది లెక్కలోకి రాదు. పెళ్లి, విడాకులు, సినిమా ఫ్లాప్, ఇవీ రావు. పార్టీలో చేరితే కూడా రాదు, మన దగ్గర అది చిన్న విషయం కాదు. 2008లో చిరంజీవి గారు, 2014లో పవన్ కల్యాణ్ గారు పార్టీలు పెట్టిన రాష్ట్రం ఇది. మీ అంబాసిడర్ ఒక పార్టీ కండువా వేసుకున్న మర్నాటి నుంచి మీ కస్టమర్లలో సగం మందికి మీ హోర్డింగు వేరేలా కనిపిస్తుంది, అందులో పరువు తక్కువ పనేం లేదు కాబట్టి ఏ ఇన్సూరెన్సూ పలకదు. అగ్రిమెంటులోనే రాసుకోవాలి, రాజకీయాల్లోకి వస్తే మాకు ఆపే హక్కుంది, మిగతా కాలం ఫీజు వెనక్కివ్వాలి అని.

ఇంకో చిక్కు కూడా ఉంది, అదే సంగతికి ఒక బ్రాండ్ ఆపుతుంది ఇంకొకటి ఆపదు. 2009 నవంబరు చివర్లో గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ వ్యవహారం బయటపడ్డప్పుడు యాక్సెంచర్ కొద్ది వారాల్లోనే అతన్ని తీసేసింది, వాళ్ల ప్రచారమంతా అతని మీదే నడుస్తుండేది. నైకీ మాత్రం వదల్లేదు, 2024 జనవరి దాకా అతనితోనే ఉంది. మీరు ఆపితేనే పాలసీ పలుకుతుంది, అలాగని తొందరపడి ఆపేస్తే అంత అవసరం లేదు కదా అని సర్వేయర్ అంటాడు.

అందుకే ఈ భాగాన్ని అగ్రిమెంటుతోనే బిగించుకోండి అంటున్నాను. దీనికి మోరల్ క్లాజ్ అని పేరు, 1921లో హాలీవుడ్‌లో రాస్కో ఆర్బకిల్ అనే హాస్యనటుడి మీద కేసు వచ్చాక యూనివర్సల్ స్టూడియో వాళ్లు నటుల కాంట్రాక్టుల్లో పెట్టడం మొదలుపెట్టారు. ఆ కేసులో అతను 1922లో నిర్దోషిగా బయటపడ్డాడు, అప్పటికే అతని సినిమాలు థియేటర్ల నుంచి పోయాయి. మీరు క్లాజ్ రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. కోర్టులో నేరం రుజువైతే అని రాస్తే మీకు పనికిరాదు, మన కోర్టుల్లో తీర్పు వచ్చేసరికి మీ కాంట్రాక్టు అయిపోయి ఎన్నో ఏళ్లవుతుంది. ఎఫ్ఐఆర్ లేదా చార్జిషీట్ వేస్తే యాడ్ తాత్కాలికంగా ఆపుకునే హక్కు మీకుండాలి, ఆ కాలానికి ఫీజు నడవకూడదు, నిర్దోషి అని తేలితే ఆ రోజులు కాంట్రాక్టు చివర్లో కలపాలి. ఇలా రాస్తే ఆవిడకీ అన్యాయం జరగదు. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా జాగ్రత్తగా రాయాలి, ఎవడో మార్ఫింగ్ వీడియో పెడితే, ఎవడో వేధిస్తే, ఆవిడ బాధితురాలు, అలాంటి దాన్ని అడ్డం పెట్టుకుని కాంట్రాక్టు తెంపుకునే వీలు మీ కాగితంలో ఉండకూడదు. ఒక డ్రాఫ్టులో పరువుకి భంగం కలిగించే ఏ ప్రచారమైనా అని గుండుగుత్తగా రాసుంటే నేను పట్టుబట్టి తీయించాను.

పాలసీ లేకుండా, క్లాజ్ లేకుండా ఉంటే ఏమవుతుందో నరసన్నపేట వైపు ఒక మిల్లులో చూశాను. సీరియల్ నటుడి ఫోటో బియ్యం బస్తాల మీద అచ్చు వేయించారు, సీజన్ మొత్తానికి సరిపడా బస్తాలు ఒకేసారి. ఏడాది డబ్బు ముందే ఇచ్చేశారు. మూడో నెలలో ఆ నటుడి మీద పోలీసు కేసు, టీవీల్లో రోజంతా అదే. డీలర్లు ఆ బస్తా వద్దన్నారు. ఫోటో ఉన్న బస్తాలన్నీ గోడౌన్‌లో మిగిలిపోయాయి, చివరికి ఫోటో మీద స్టిక్కర్లు అంటించి అమ్మారు. మీ క్యారీ బ్యాగులు, నగల డబ్బాలు, క్యాలెండర్లు ఇలా ఒకేసారి కొట్టించకండి, షాపు పేరు పెద్దగా ముద్రించి, ఆవిడ ఫోటో ఉన్నవి మూడు నెలలకి సరిపడా మాత్రమే తీసుకోండి.

ఇప్పటిదాకా ఆవిడ వల్ల మీకొచ్చే నష్టం చెప్పాను. ఎదురుది కూడా ఉంది, మేనేజర్ మీ ముందు పెట్టే కాగితంలో అదే ముందుంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే యాడ్‌కి తయారీదారుడికే కాదు అందులో చేసిన సెలబ్రిటీకి కూడా 10 లక్షల వరకు జరిమానా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. ఏడాది పాటు ఏ యాడూ చెయ్యకుండా నిషేధించొచ్చు, మళ్లీ అయితే మూడేళ్లు. 2016లో ధోనీ ఆమ్రపాలి అపార్ట్‌మెంట్ల కంపెనీ అంబాసిడర్‌గా తప్పుకున్నాడు, అక్కడ కొనుక్కున్న వాళ్లు సోషల్ మీడియాలో అతన్నే నిలదీశారు. అప్పట్నుంచి పెద్ద నటుల మేనేజర్లు మీ సరుకు వల్ల మాకు కేసొస్తే ఖర్చంతా మీదే అని ఇండెమ్నిటీ రాయించుకుంటున్నారు. రాసివ్వండి, అది న్యాయమే, కానీ ఎంతవరకు అనే పరిమితి పెట్టుకోండి. సున్నా తరుగు, సున్నా మజూరీ, ఇలాంటి మాటలు ఆవిడ నోట చెప్పించే ముందు అవి మీ బిల్లులో కూడా అలాగే కనబడతాయా అని చూసుకోండి. హాల్‌మార్క్‌తో పాటు ఒక్కో నగకీ విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ గుర్తింపు నంబరు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి కాబట్టి ఆ విషయంలో మాట తేడా రాకూడదు. సర్కారు వేసే జరిమానాలని ఇన్సూరెన్స్ కట్టదు.

కాంట్రాక్టు అయిపోయిన మర్నాడే ఆవిడ ఫోటో ప్రతి చోటా దిగిపోవాలి. మన దగ్గర పల్లెటూళ్లలో గోడల మీద, బస్ షెల్టర్ల మీద ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. అమితాబ్ బచ్చన్ 2022లో, అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టు నుంచి తమ పేరు, ఫోటో, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఆర్డర్లు తెచ్చుకున్నారు, ఇప్పుడు అందరి లాయర్లూ ఆ దారిలోనే ఉన్నారు. తియ్యడానికి 30 రోజుల గడువు ముందే అగ్రిమెంటులో అడగండి. యాడ్‌లో సినిమా పాట వాడితే దాని హక్కుల సంగతి కూడా ఇలాంటిదే, లయబిలిటీ పాలసీలో అడ్వర్టైజింగ్ ఇంజ్యూరీ అనే సెక్షన్ ఉంటేనే కాపీరైట్ గొడవకి కొంత ఆసరా దొరుకుతుంది, అదీ తెలిసి చేసిన తప్పుకి కాదు.

తీసుకునేటప్పుడు వరస ముఖ్యం. ఇన్సూరెన్స్ చట్టం 64 వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం చేతికందాకే కంపెనీ రిస్క్ మొదలవుతుంది, కోట్ వచ్చింది, మెయిల్ వచ్చింది అంటే కవర్ ఉన్నట్టు కాదు. కాబట్టి ముందు అగ్రిమెంటు డ్రాఫ్టు, దాన్ని బ్రోకర్‌కి చూపించి కోట్, ప్రీమియం కట్టడం, ఆ తర్వాతే ఆవిడకి పెద్ద అడ్వాన్స్, ఆ తర్వాత హోర్డింగుల ఆర్డర్లు. డ్రాఫ్టు లేకుండా ఏ అండర్‌రైటరూ ఈ పాలసీ ముట్టుకోడు. ఇంకొకటి అడగడం మర్చిపోకండి, క్లెయిమ్ ఇచ్చాక కంపెనీ ఆ డబ్బు కోసం ఆవిడ మీదికి వెళ్లే హక్కు పాలసీలో ఉంటుంది, మేనేజర్‌కి ఇది తర్వాత తెలిస్తే గొడవ, ముందే చెప్పి ఒప్పించండి లేదా ఆ హక్కు వదులుకునే క్లాజ్ కంపెనీతో రాయించండి. క్లెయిమ్ అన్యాయంగా తిరగ్గొట్టారనిపిస్తే, మీ షాపు సొంత యాజమాన్యం కింద ఉంటే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విచారించే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఖర్చు లేకుండా వెళ్లొచ్చు, ప్రైవేట్ లిమిటెడ్ చేసుంటే సూక్ష్మ పరిశ్రమ కిందకి వస్తేనే అక్కడ తీసుకుంటారు, లేకపోతే కోర్టే.

దసరాకి ఎంత టైముందో చూసుకుని ఇప్పుడే పోలీస్ పర్మిషన్ అప్లికేషనూ పబ్లిక్ లయబిలిటీ ప్రపోజలూ పెట్టేయండి, ఆ రెండిటికీ హీరోయిన్ సంతకం అక్కర్లేదు. నాన్ అప్పియరెన్స్‌కి ఆవిడ మేనేజర్ నుంచి వైద్య వివరాల ఫారం రావాలి, అది రావడానికే ఎక్కువ రోజులు పడుతుంది. అగ్రిమెంటు డ్రాఫ్టులో పేర్లు, అంకెలు తీసేసి ఇక్కడ పెడితే ఏ క్లాజ్ ఎలా మార్చాలో చూసి చెప్తాను.